పాట నోటికొచ్చాకే చేయి లేవాలి: ఆక్లాండ్ స్కూళ్లలో పాలినేషియా నాట్యం

(ఆక్లాండ్‌లోని తెలుగు తల్లిదండ్రులు, నాట్య గురువుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది పిల్లలు హైస్కూలుకి వచ్చేశారు. జనవరి సెలవులు అవుతుండగానే "సమోవన్ గ్రూపులో చేరాను, శనివారాలు ప్రాక్టీసు" అనో, "కపా హాకాకి (మావోరి పాట, నాట్యానికి) పేరిచ్చాను" అనో ఇంట్లో చెప్తారు. మీకు వెంటనే నాలుగు సందేహాలు వస్తాయి. అదేం నాట్యం? ఎన్ని గంటలు పోతాయి? మనవాళ్లు చెయ్యొచ్చా? చదువు సంగతేంటి? అన్నిటికీ జవాబు చెప్తాను. దానికంటే ముందు ఒక్క మాట మీ మనసుల్లో పెట్టాలి. ఈ నాట్యాల్లో ఎక్కువవాటికి ప్రాణం పాటలో ఉంది. పాలినేషియాలో, అంటే సమోవా, టోంగా వంటి పసిఫిక్ దీవుల్లో, శరీరం మాటను మోస్తుంది. మాటలు రాకుండా కదలికలు నేర్పిన గ్రూపు ఏదైనా సరే, చివరి రెండు వారాల్లో తడబడుతుంది. ఎందుకు తడబడుతుందో వివరంగా చూద్దాం.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. మనం పాలీఫెస్ట్ అని పిలిచే హైస్కూళ్ల నాట్య పోటీల పండుగ 1976లో ఓటారాలోని హిల్లరీ కాలేజీలో మొదలైంది. ఆ కాలం ఎలాంటిదో గుర్తుంటే తప్ప దీని విలువ తెలియదు. ఫ్యాక్టరీ పనులకు మనుషులు కావాలని రెండు దశాబ్దాలుగా సమోవా, టోంగా, కుక్ ఐలాండ్స్ నుంచి కుటుంబాలను రానిచ్చారు. ఉద్యోగాలు తగ్గగానే వీసా గడువు దాటినవాళ్లను పట్టుకుంటామని తెల్లవారుజామున ఇళ్ల తలుపులు కొట్టారు. 1970ల నడుమ జరిగిన ఈ డాన్ రెయిడ్స్‌కి ప్రభుత్వం 2021 ఆగస్టులో గాని క్షమాపణ చెప్పలేదు. "మీరు ఇక్కడివాళ్లు కారు" అని బయట వినిపిస్తున్న రోజుల్లో, స్కూలు ఆవరణలో పిల్లలు తమ భాషలో పాడి, తమ బట్టల్లో ఆడారు. పండుగ పుట్టుకలోనే ఆ పట్టుదల ఉంది. ఇప్పుడది సాధారణంగా మార్చి నెలలో బుధవారం నుంచి శనివారం దాకా, మనుకౌ స్పోర్ట్స్ బౌల్‌లో జరుగుతుంది. మావోరి, సమోవా, టోంగా, కుక్ ఐలాండ్స్, నియూ వేదికలు విడివిడిగా ఉంటాయి. మిగతా సంస్కృతులకు డైవర్సిటీ వేదిక. మన పిల్లల భారతీయ నాట్యాలు మీరు చూసింది అక్కడే.

ఇక నాట్యాల సంగతి. బయటినుంచి చూసేవాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి ఒక్కొక్క వేదిక ఒక్కొక్క లోకం. సమోవా దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా చేరేది అందులో. పైగా సాసా అనే ఒక్క అంశాన్ని సరిగ్గా చూస్తే మిగతావన్నీ సగం అర్థమైపోతాయి.

సమోవన్ ప్రదర్శన ప్రవేశంతో మొదలై నిష్క్రమణతో ముగుస్తుంది. మధ్యలో పాట, సాసా, మాఉలుఉలు అనే చేతుల అభినయం, మగపిల్లల ఫాఅతౌపాతి, చివర తౌఅలూంగా ఉంటాయి. అందరినీ నడిపేది ఫుఆతైమి, అంటే గాయక బృందాన్ని చేతులతో, ఒక్కోసారి ఒళ్లంతా ఊపుతూ నడిపే విద్యార్థి. ఈ స్థానానికి గొంతు బాగున్న పిల్లవాణ్ని ఎంచుకోవడం సాధారణంగా చేసే పొరపాటు. కావలసింది గొంతు కాదు, కాలం మీద పట్టు. ఉత్సాహం ఎక్కువై వేగం పెంచే ఫుఆతైమి చేతిలో అరవైమందీ పరుగెత్తుతారు.

సాసాలో పిల్లలు బాసింపట్టు వేసుకుని వరసల్లో కూర్చుంటారు. వెన్ను నిటారుగా, చేతులు మోకాళ్ల మీద. పాట ఉండదు. చెక్కను తొలిచిన పాతె మీదో, చుట్టిన చాప మీదో, రేకు డబ్బా మీదో వాయించే దెబ్బే దారి చూపిస్తుంది. తెడ్డు వెయ్యడం, వల విసరడం, కొబ్బరి కోరడం, పక్షి ఎగరడం వంటి రోజువారీ పనులు చేతుల్లో కనబడతాయి. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. చూడటానికి తేలిక, కలిసి చెయ్యడం కష్టం.

నేర్పే క్రమం ఇది. మొదటి రోజు చేతులు కట్టించి దెబ్బ మాత్రమే వినిపిస్తారు. పిల్లలు దాన్ని నోటితో తిరిగి పలకాలి. రెండోది చప్పట్లు. సమోవన్లకు రెండు చప్పట్లున్నాయి. అరచేతులు చదునుగా కలిపితే పాతి, శబ్దం పదునుగా వస్తుంది. దోసిలిలా బోర్లించి కలిపితే పో, శబ్దం లోతుగా, గుండ్రంగా వస్తుంది. కొత్తవాళ్లు రెండింటినీ ఒకేలా కొడతారు, దాంతో సాసాలోని వెలుగునీడలు పోతాయి. పరీక్ష సులువు. పిల్లల్ని కళ్లు మూసుకోమని, ఒక వరస చేత కొట్టించి, ఏది పాతి, ఏది పో చెప్పమనాలి. తేడా వినబడకపోతే ఇంకా ముందుకెళ్లకూడదు. ఆ తర్వాతే కదలికల ముక్కలు, ఒక్కోటి నాలుగో ఎనిమిదో దెబ్బలది. ముక్కలన్నీ వచ్చాక అతుకులు సాధన చెయ్యాలి. సాసా చెడేది ఎప్పుడూ ముక్క మధ్యలో కాదు, ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకు మారేచోట. కూర్చున్నవాళ్లు మోకాళ్ల మీదకి లేచేచోట ఇంకా ఎక్కువ. ఒక గంట ప్రాక్టీసులో కనీసం మూడో వంతు ఈ మార్పులకే ఇవ్వాలి.

వరసల లెక్క కూడా చెప్తాను. అరవైమంది ఉంటే పదిమంది చొప్పున ఆరు వరసలు. పక్కపక్కన మనిషికీ మనిషికీ మీటరు పైన జాగా కావాలి, లేకపోతే చేతులు చాపినప్పుడు పక్కవాడి చెవికి తగులుతుంది. వెనక వరసవాళ్లు ముందువాళ్ల సందుల్లో కూర్చోవాలి. నేల మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టి నేర్పినవాళ్లు, వేదిక మీద ఆ గుర్తులుండవని మరచిపోతారు. అందుకే మూడో వారంనుంచి గుర్తులు చెరిపేసి, పక్కవాడి భుజాన్ని బట్టి జాగా చూసుకోవడం అలవాటు చెయ్యాలి.

ఇప్పుడు అసలు చిక్కు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. పాతె వాయించేవాడు ఒక మూల కూర్చుంటే, 17 మీటర్ల దూరంలో ఉన్న పిల్లకి దెబ్బ సెకనులో 20వ వంతు ఆలస్యంగా చేరుతుంది. అంత చిన్న తేడా ఎవరికి తెలుస్తుంది అనుకోవద్దు. వేగంగా చప్పట్లు కొట్టేటప్పుడు 'టప్' అనాల్సింది 'టరప్' అని వినబడటం దానివల్లే. వెనకవాళ్లు చెవిని నమ్మి కొడితే తప్పకుండా వెనకబడతారు. అందుకని ముందు వరస మోచేతులు చూడమని చెప్తారు. చప్పట్లు పడటానికి ముందు మోచెయ్యి లేస్తుంది కదా, ఆ లేవడాన్ని పట్టుకుంటే పడటంలో కలుస్తారు. పాతె వాయించేవాణ్ని మూలనుంచి తీసి వరసల నడిమికి దగ్గరగా పెట్టినా సగం బాధ తీరుతుంది.

జిమ్నాజియం ఇంకో మోసం చేస్తుంది. 20 మీటర్ల దూరంలో గోడ ఉంటే ప్రతి దెబ్బా తిరిగొచ్చి సెకనులో ఎనిమిదో వంతు తర్వాత మళ్లీ వినబడుతుంది. పిల్లలకు అది నిండుగా అనిపిస్తుంది, తమ గొంతులు పెద్దవనుకుంటారు. ఆరుబయట వేదిక ఎక్కగానే గోడ ఉండదు, ప్రతిధ్వని ఉండదు, చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. కంగారుపడి అరుస్తారు, అరుపుతోపాటు వేగం పెరుగుతుంది. ఫిబ్రవరి మొదటి వారంనుంచే వారానికి ఒక్కసారైనా గ్రౌండులో చేయించాలి. ఫోన్లో టైమర్ పెట్టండి. 3 నిమిషాల 20 సెకన్ల సాసా ఒక రోజు 3 నిమిషాలకే అయిపోయిందంటే అది బాగా వచ్చినట్టు కాదు, పరుగెత్తినట్టు.

ఫాఅతౌపాతి మగపిల్లలది. వాద్యం లేదు, పాట లేదు. తొడల మీద, ఛాతీ మీద, చేతుల మీద కొట్టుకునే దెబ్బలే సంగీతం. కొత్త పిల్లలు ఎముక మీద కొట్టుకుని కమిలిపోతారు. అరచేయి వదులుగా ఉంచి కండ మీద కొడితే శబ్దం ఎక్కువ, నొప్పి తక్కువ. మొదటి రెండు వారాలు మెల్లగా, పావు వంతు బలంతో చేయించాలి. ఇంటికొచ్చి తొడలు ఎర్రగా కనిపిస్తే కంగారుపడకండి. నల్లగా కమిలి ఉంటే మాత్రం టీచరుకి చెప్పండి, పద్ధతి తప్పుతోందని అర్థం.

తౌఅలూంగా ముగింపు, శిఖరం. సంప్రదాయంలో ఊరి నాయకుడి కూతురు, తౌపౌ, చేసేది. తల మీద తుఇంగా అనే ఎత్తైన కిరీటం పెడతారు. అడుగులు చిన్నవి, మోకాళ్లు కాస్త వంచి, చేతులు, మణికట్లు, చూపు మెత్తగా నడుస్తాయి. చుట్టూ ఇంకొందరు గెంతుతారు, అరుస్తారు, నేల మీద పడి దొర్లుతారు. కొత్తగా చూసేవాళ్లు ఇదేంటి అల్లరి అనుకుంటారు. ఆ అల్లరి పక్కన ఉంటేనే మధ్యలో ఉన్న పిల్ల నిదానం కనబడుతుంది, వాళ్ల పనే అది. దానికి అయిఉలి అని పేరు. ఇక్కడ తప్పు జరిగేది కిరీటంతో. పండుగ రోజు పొద్దున్నే మొదటిసారి కట్టుకున్న పిల్ల మెడ బిగదీసుకుంటుంది, చూపు నేలకి దిగుతుంది. కనీసం పది రోజుల ముందునుంచి అదే బరువున్న కిరీటంతో చేయించాలి. నుదుటి మీద కట్టు జారకుండా, రక్తం ఆగకుండా ఎంత బిగించాలో కట్టేవాళ్లకు కూడా సాధన కావాలి.

టోంగా వేదికకి వెళ్తే లోకం మారిపోతుంది. అక్కడ కవి ముందు. పునాకె అనే మనిషి పాట రాస్తాడు, బాణీ కడతాడు, కదలికలు కూడా కూరుస్తాడు. అన్నిటిలోకీ గౌరవం లకలకకి. యునెస్కో 2003లో దాన్ని మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. క్రైస్తవ మిషనరీలు వద్దన్న పాత నాట్యంనుంచి 19వ శతాబ్దంలో ఇది రూపుకట్టింది. 1918 నుంచి 1965 దాకా ఏలిన సాలోటె రాణి స్వయంగా గొప్ప లకలకలు రాసింది. ఆడవాళ్లు ఒక సగం, మగవాళ్లు ఒక సగం వరసగా నిలబడతారు. పాట ఒకటే, కదలికలు వేరు. మగవాళ్లవి విశాలంగా, దూకుడుగా ఉంటాయి. ఆడవాళ్లవి తొడలు దగ్గరగా, చిన్న అడుగులతో, చేతుల్లోనే కథంతా నడుస్తుంది. ముందు పెద్దలకు వందనం, తర్వాత విషయం, చివర సెలవు తీసుకోవడం, ఇలా మూడు భాగాలు. వందనం భాగంలో పొరపాటుగా ఒక పేరు వదిలేస్తే చూడటానికొచ్చిన తాతలు, అమ్మమ్మలు నొచ్చుకుంటారు. అందుకే పాటను స్కూలు టీచరు ఒక్కరే సరిచూడరు, సంఘం పెద్దలకు కూడా వినిపిస్తారు.

మధ్యలో నిలబడే స్థానాన్ని వాహెంగా అంటారు. ఊళ్లో అది వంశాన్ని బట్టి వస్తుంది. స్కూల్లో దాన్ని ఎవరికివ్వాలన్నది ప్రతిసారీ తలనొప్పే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బాగా ఆడేవాళ్లకే ఇవ్వాలన్నది సరిపోదు. మూడేళ్లుగా గ్రూపులో ఉండి, కొత్తవాళ్లకు మాటలు నేర్పిన సీనియర్‌కి ఇవ్వడం న్యాయం. వరస మొత్తం ఆ మనిషిని చూసి నడుస్తుంది కాబట్టి వాళ్లకు నమ్మకం ఉన్నవాళ్లే అక్కడుండాలి.

టోంగన్ కదలికల్లో మన నాట్య గురువులు గమనించాల్సిందొకటి ఉంది. చేతి కదలికను హాకా (మావోరి హాకా వేరు) అంటారు, తల విసురుని తెకి అంటారు. తల మీద పెట్టుకున్న ఈకలు ఆ విసురుకి ఊగుతాయి. హాకా మాటకు మాట అర్థం చెప్పదు. పాటలో 'పువ్వు' అంటే చేతిలో పువ్వు ముద్ర పట్టరు, ఆ పువ్వు పేరు ఏ వంశానిదో, ఏ ఊరిదో తెలిసినవాడికి అందేలా ఓ సూచన చేస్తారు. దాన్ని హెలియాకి అంటారు. పాట భావం తెలియని పిల్ల చేతులు ఎంత అందంగా తిప్పినా తెలిసినవాళ్ల కళ్లకు ఖాళీగానే ఉంటుంది. మొదట్లో నేను పాట ముందు అన్నది ఇందుకే.

తౌఓలుంగా అనే టోంగన్ నాట్యం చేసే అమ్మాయి ఒంటికి కొబ్బరినూనె రాస్తారు. చూసేవాళ్లు వచ్చి నోట్లు ఆ నూనె తడికి అంటిస్తారు, ఇది గౌరవం, అవమానం కాదు. నూనె ఎక్కువైతే చాప మీద కారి పాదం జారుతుంది. మోకాలి కింద రాయకుండా ఉంటే చాలు.

కుక్ ఐలాండ్స్ గురించి తక్కువ చెప్తే ఆ డ్రమ్ములకు అన్యాయమే, అయినా టైము చూసుకోవాలి. పాతె, తోకెరె అనే చెక్క వాద్యాలు, తోలు పఉ, వీటి మీద నడిచే 'ఉరా పఉ' వేగానికి మిగతా వేదికల జనం కూడా పరుగెత్తుకొస్తారు. ఆడపిల్లల నడుము పక్కలకి కదులుతుంది, భుజాలు కదలకూడదు. నడుముని తిప్పాలని నేర్పితే రాదు. పాదం నేలకి పూర్తిగా ఆనించి, మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వంచితే నడుము దానంతటదే కదులుతుంది. భుజాలు కదులుతున్నాయంటే మోకాళ్లు పనిచెయ్యట్లేదని అర్థం. తల మీద తేలికైన పుస్తకం పెట్టి చేయించే టీచర్లున్నారు, అది మంచి సాధనే. మగపిల్లలు మడమలు దగ్గరపెట్టి మోకాళ్లు తెరిచి మూస్తారు. తొడలు మండుతాయి. వేగం మొదటి వారమే అడిగితే మోకాళ్ల నొప్పులతో పిల్లలు మానేస్తారు. వీటికి భిన్నంగా కపరిమ నెమ్మదైన పాటకి చేతుల అభినయం. రౌతీ ఆకుల పావడాలు ముందురోజు కోసి, తడిబట్టలో చుట్టి చల్లగా ఉంచాలి. ఎండలో కారులో పెడితే రెండు గంటల్లో వాడిపోతాయి.

నియూ వేదిక చిన్నదే. నియూ ద్వీపంలో ఉన్నవాళ్లకంటే న్యూజిలాండ్‌లో ఉన్న నియూ వాళ్లే చాలా రెట్లు ఎక్కువ. అంటే ఆ భాష, ఆ తకలో అనే యుద్ధనాట్యం నిలబడటం ఇక్కడి స్కూళ్ల మీద ఆధారపడింది. ఆ వేదిక దగ్గర జనం తక్కువగా ఉంటారు. దయచేసి అక్కడికి కూడా వెళ్లి కూర్చోండి.

మావోరి కపా హాకా అతిథుల నాట్యం కాదు, ఈ నేలది. అంశాలు ఒక వరసలో వస్తాయి. ప్రవేశం, పాత జపంలాంటి మోతెయాతెయా, చేతుల పాట, పోయ్, హాకా, నిష్క్రమణ. భాషకి మార్కులు విడిగా ఉంటాయి. ఇది ఎన్‌సీఈఏ అనే ఇక్కడి హైస్కూలు సర్టిఫికెట్ చదువులో టె ఆవో హాకా అనే సబ్జెక్టుగా కూడా ఉంది, యూనివర్సిటీ ప్రవేశానికి లెక్కలోకి వస్తుంది. చదువు పాడవుతుందని భయపడేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

చేతులు వణికించే కదలికని విరి అంటారు. వేళ్లు ఆడించడం తప్పు, మోచేతినుంచి మొత్తం ఊపడం కూడా తప్పు. కదలిక మణికట్టు దగ్గర పుట్టాలి, వేళ్లు దాన్ని అందుకోవాలి. పాట మొదలుకాకముందే మొదలై, పాట ఆగాక గాని ఆగకూడదు. అలసిపోగానే పిల్లలు మొదట వదిలేసేది దీన్నే. హాకాలో గొంతు కడుపులోంచి రావాలి. గొంతు పైనుంచి అరిచే పిల్లవాడికి సోమవారం గొంతు బొంగురుపోతుంది, శనివారానికి మాట రాదు. పండుగ వారంలో పూర్తి గొంతుతో రోజుకి ఒక్కసారి మించి చేయించకూడదు, మిగతావి సగం గొంతుతో చాలు.

పోయ్ సంగతి. బంతి, దారం. ఒకప్పుడు రౌపో అనే తుంగజాతి మొక్కతో చేసేవాళ్లు, స్కూళ్లలో ఇప్పుడు దూదినో స్పాంజినో ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఊలు దారంతో కడతారు. ముప్ఫైమందివీ ఒకే పొడవుండాలి. దారం పొడవైతే తిరగడం నెమ్మదిస్తుంది, పొట్టిదైతే తొందరపడుతుంది. పిల్లలెంత బాగా చేసినా దారాలు తేడాగా ఉంటే కలవదు. కాబట్టి ఇంటికొకరు చేసుకురమ్మనకూడదు. ఒక మధ్యాహ్నం అందరూ కూర్చుని, ఒకే కొలకర్రతో కొలిచి, ఒకే ముడి వెయ్యాలి. ప్రతి ఒక్కరికీ ఒక అదనపు జత తప్పనిసరి, ఎందుకంటే తెగేది వేదిక మీదే. తడిసిన ఊలు దారం సాగుతుంది, వాన పడే రోజైతే ఆ విషయం కూడా చూసుకోవాలి.

నడుముకి కట్టే పిఉపిఉ పావడాని హరకెకె అనే మొక్క ఆకులతో చేస్తారు. ఆకు పైపొరను ఆల్చిప్పతో గీరి పీచు బయటపెడతారు. గీరిన చోట నల్లమట్టిలో ముంచితే రంగు పడుతుంది, గీరనిచోట ఆకు ఆరి గొట్టంలా చుట్టుకుంటుంది. కదిలినప్పుడు వచ్చే గలగల ఆ గొట్టాలదే. దీన్ని మడతపెట్టకూడదు, చుట్టి నిలువుగా పెట్టాలి. కట్టుకుని తినకూడదు, నేల మీద పడేసి వెళ్లకూడదు, ఎవరూ దాన్ని దాటుకుంటూ నడవకూడదు. మన ఇంట్లో గజ్జెలకి ఎంత మర్యాద ఉందో అంత మర్యాద దానికీ ఉంది.

ఇక మన పిల్లల సంగతి. కూచిపూడి, భరతనాట్యం నేర్చిన పిల్లలకు తాళజ్ఞానం, వరసలో జాగా చూసుకోవడం, చూపు నిలపడం ఇప్పటికే ఉంటాయి. ఇది పెద్ద బలం. అడ్డొచ్చేవి మూడు. ఒకటి అరమండి. మోకాళ్లు పక్కలకి తెరిచి కూర్చోవడం ఏళ్లతరబడి అలవాటైన పిల్ల టోంగన్ వరసలో నిలబడితే, అక్కడ ఆడపిల్లల మోకాళ్లు దగ్గరగా ఉండాలి కాబట్టి దూరంనుంచే తెలిసిపోతుంది. రెండు, అడుగు బలంగా కొట్టడం. సమోవన్ సివాలో (నాట్యంలో) పాదం నేలని నిమురుతుంది. మూడు, ముఖం. మన దగ్గర ముఖం కథ చెప్తుంది. తౌఅలూంగాలో ఆ పిల్ల ముఖంలో చిరునవ్వు, నిండుదనం ఉంటే చాలు, కనుబొమ్మలు ఎగరేస్తే చెడుతుంది. నాట్య గురువులకి నా విన్నపం, ఫిబ్రవరి, మార్చిల్లో ఈ పిల్లలచేత కొత్త అంశాలు మొదలుపెట్టించకండి. రెండు పద్ధతుల మధ్య శరీరం గందరగోళపడుతుంది. పాత అంశాలు నెమరు వేయిస్తే చాలు.

ఉచ్చారణలో మాత్రం మనవాళ్లు అదృష్టవంతులు. మావోరిలో హ్రస్వం, దీర్ఘం తేడా వస్తే అర్థం మారిపోతుంది. ఇంగ్లీషు అలవాటైన పిల్లలు అన్నిటినీ ఒకేలా సాగదీస్తారు. తెలుగు లిపి వచ్చిన పిల్లలు పాటను తెలుగులో రాసుకుంటే సగం తప్పులు పుట్టవు. సమోవన్‌లో 'జి' అని రాసిన అక్షరం పలికేటప్పుడు 'ఙ'. అది మాట మొదట్లో వస్తే మనకూ కష్టమే, 'సింగం' అని మధ్యలో ఆపి అక్కడినుంచి పలకడం సాధన చేయించండి. సమోవన్, టోంగన్ మాటల్లో అచ్చుల మధ్య గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆపడాన్ని రాతలో కామాలాంటి గుర్తుతో చూపిస్తారు. పాట హడావుడిలో పిల్లలు మొదట మింగేసేది దాన్నే.

రోజుల లెక్క చూద్దాం. స్కూళ్లు తెరిచేది జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో. పండుగ మార్చిలో. చేతిలో ఉండేది ఆరేడు వారాలే. అందుకే గట్టి గ్రూపులు నవంబరులోనే పాట మొదలుపెడతాయి. సెలవుల్లో పిల్లలు ఇంట్లో మాటలు వల్లె వేసుకొస్తే ఫిబ్రవరంతా కదలికలకు మిగులుతుంది. పాట వెనక్కి నెట్టినవాళ్లకి ఏమవుతుందంటే, ఫిబ్రవరిలో అందరూ లెక్కలు పెట్టుకుని చేతులు నేర్చేస్తారు. మార్చిలో పాట కలపగానే నోరు తెరిస్తే చేతులు ఆగుతాయి, చేతులు కదిలితే నోరు మూసుకుంటుంది. చివరికి పది మంది పాడతారు, మిగతావాళ్లు పెదవులు ఆడిస్తారు. మూడో వరసలో ఎవరు పాడట్లేదో చూడటం న్యాయనిర్ణేతలకు పెద్ద కష్టం కాదు.

ఇంకో బలహీనత సీనియర్ల గొలుసు. ఈ నాట్యాలు కాగితం మీద లేవు, పదమూడో తరగతి (హైస్కూలు చివరి ఏడు) పిల్లలు తొమ్మిదో తరగతి పిల్లలకు చేతితో చేయి పట్టి నేర్పేవి. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడి జరిగిన మర్నాడు పండుగ చివరి రోజు ఆపేశారు. 2020లో కోవిడ్ వల్ల పండుగే లేదు. ఒక్క ఏడు తప్పినా ఒక తరగతి మొత్తం నేర్పకుండానే స్కూలు దాటిపోతుంది. వీడియోలు సాయపడతాయి గాని, వాటిలో ఎడమ కుడి తిరగబడి నేర్చిన గ్రూపులు ఉన్నాయి. వీడియో పెట్టేటప్పుడు వెనకనుంచి తీయించండి.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. ప్రాక్టీసు ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. సాధారణంగా అది క్రైస్తవ ప్రార్థన, లేదా మావోరి కరకియా. మన పిల్లలు తల వంచి మౌనంగా నిలబడితే చాలు. తిండి అందరూ కలిసి తింటారు. గొడ్డుమాంసం, పంది ఉంటాయి. మీవాళ్లు తినకపోతే ముందే చెప్పి, మీరు కూడా అరవైమందికి సరిపోయే పులిహోరో, పప్పన్నమో పట్టుకెళ్లండి. విడిగా ఒక డబ్బా పిల్లకి ఇచ్చి పంపడం కంటే అది మర్యాద. పెద్దల ముందునుంచి వెళ్లేటప్పుడు వంగి 'తులౌ' అనాలి. టేబుల్ మీద కూర్చోకూడదు. ఒకరి తల ముట్టుకోకూడదు.

ముఖం మీద, తొడల మీద పచ్చబొట్టు గీతలు మీ అంతట మీరు పెన్నుతో గీయకండి. సమోవన్ ఆడవాళ్ల మలు, మావోరి ఆడవాళ్ల గడ్డం మీది మోకో వంశాన్ని, మనిషి స్థానాన్ని చెప్పేవి. వేషం కోసం గీయొచ్చా లేదా అన్నది గ్రూపు పెద్దలు తేల్చాలి. కాదంటే కాదనే.

బట్టలు కుట్టే పనికి ముందుకి రండి. అరవైమందికి మనిషికి 2 మీటర్ల లావాలావా (నడుముకి చుట్టుకునే గుడ్డ) అంటే 120 మీటర్ల గుడ్డ, అంతా ఒకే తానులోంచి తియ్యాలి. రెండో తానులో రంగు కాస్త మారినా ఎండలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

(సభలోంచి ఒకరు: మా అమ్మాయి ఫిజీ తెలుగువాళ్ల పిల్లలతో కలిసి డైవర్సిటీ వేదిక మీద చేస్తానంటోంది. అది మంచిదా, సమోవన్ గ్రూపు మంచిదా?)

రెండూ మంచివే అని తప్పించుకోను. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవునుంచి కూలి ఒప్పందాల మీద ఫిజీకి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు. నాలుగు తరాలు సముద్రం మీద భాషని మోసినవాళ్లు. వాళ్లతో కలిసి మీ అమ్మాయి తెలుగు పాటకి ఆడితే చాలా సంతోషం. అయితే ఆ వేదిక మీద అంశం చిన్నది, గ్రూపు చిన్నది. పాలినేషియా గ్రూపులో ఆమెకి దొరికేది వేరు. అరవైమందిలో ఒకరిగా ఊపిరి తియ్యడం నేర్చుకుంటుంది. ఒక ఏడు అది, ఒక ఏడు ఇది చెయ్యనివ్వండి. రెండూ ఒకే ఏడు మాత్రం వద్దు, శనివారాలు సరిపోవు.

వచ్చే పండుగకి పేర్లు తీసుకునేది నాలుగో టర్ములో, అక్టోబరు, నవంబరు నెలల్లో. స్కూలు నోటీసులు చూస్తుండండి, నోటీసు లేకపోతే పిల్లని నేరుగా ఆ గ్రూపు సీనియర్ల దగ్గరికి పంపండి. మొదటి ప్రాక్టీసుకి కట్టుకోవడానికి ఒక లావాలావా, లీటరున్నర నీళ్లు, పాట రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకెళ్తే చాలు. బూట్లు గుమ్మం బయట విడిచిపెట్టాలి.